టి. నగర్‌లో 'టి' ఎవరు?

పెళ్ళి కుదిరిందంటే చాలు, మా మదనపల్లె, పుంగనూరు వాళ్ళు బస్సెక్కుతారు. కుప్పం వాళ్ళు రైలెక్కుతారు. ఎవరెలా వెళ్ళినా చేరేది చెన్నపట్నం టి. నగర్‌కే. మొన్న మా ఎదురింటి పిన్నిగారు అక్కణ్ణుంచి బోలెడు పట్టుచీరలతో దిగారు. "నీరుగట్టువారిపల్లె మగ్గాలు మనకు పక్కనే ఉండగా అంత దూరమెందుకండీ?" అన్నందుకు చిన్నబుచ్చుకున్నారు. మాట మారుద్దామని, "ఇంతకీ ఆ 'టి' ఎవరో తెలుసా?" అన్నాను.

"ఎవరో చీరల వర్తకుడై ఉంటాడు."

పూర్తిగా తప్పు కాదు సుమా! ఆయన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు. 1852లో తెలుగు దేవాంగుల ఇంట పుట్టారు, బి.ఏ. ప్యాసయ్యారు. ప్రజాసభల్లో వకీళ్ళదే పైచేయిగా ఉన్న కాలంలో ఈయన మగ్గాల మధ్యనుంచి వచ్చారు. వాషర్‌మన్‌పేటలో నేత కర్మాగారం పెట్టి, చేత్తో నాడె విసిరే బదులు తాడు లాగితే పరుగెత్తే నాడెను వాడించారు. 1882 నుంచి సుమారు నలభై ఏళ్ళు కార్పొరేషన్ సభ్యులు. శాసనసభలోనూ కూర్చున్నారు. 1916లో జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరు. 1920 ఎన్నికల్లో పార్టీ గెలిచింది. గవర్నరు విల్లింగ్డన్ పిలిచి మంత్రివర్గం ఏర్పాటు చేయమంటే, తనకు పదవి వద్దన్నారు. సుబ్బరాయలు రెడ్డియార్ ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడు మన కాళహస్తిలో పుట్టిన పానగల్లు రాజా ఆ పీఠమెక్కారు.

ఆయన రాజకీయాలు గిట్టనివారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు మాత్రం ఆయన వదులుకున్న పీఠం కన్న, వదలని కార్పొరేషనే పెద్దదనిపిస్తుంది. ఆయన అధ్యక్షతన 1920 సెప్టెంబరులో కార్పొరేషన్ ఒక తీర్మానం చేసింది: థౌజండ్ లైట్స్ బడి పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలి, తలకు రోజుకు అణా మించకూడదు. పెట్టారు. బడికొచ్చే పిల్లలు పెరిగారు. మరికొన్ని బళ్ళకూ పాకింది. కాని ప్రాథమిక విద్యానిధిలోంచి ఆ ఖర్చు చెల్లదని ప్రభుత్వం అడ్డుపెట్టడంతో 1925లో ఆగిపోయింది. ఆ ఏడే ఆయనా కన్నుమూశారు.

మా కాలేజీలో నేతవారింటి కుర్రాడొకడున్నాడు. "చిన్నప్పుడు నేను బడికి పోయింది చదువుకు కాదు సార్, అన్నానికి" అన్నాడోసారి. ఇప్పుడు ఆ కుర్రాడే క్లాసులో మొదటివాడు.

ఇదంతా విని పిన్నిగారు చీర మడతపెట్టడం ఆపారు. "పెట్టినవాడి పేరు ఊరికి పెట్టారు సరే. ఆపినవాళ్ళ పేరేమిటి నాయనా?"

"వాళ్ళ పేరుతో ఏ పేటా లేదండీ!" అన్నాను.