ఈ భయానికి ఇంటర్వెల్ లేదు

మొన్న ఆదివారం శాలిబండలో మా ఇంట్లో చిన్న రగడ! ఏడో నెల కడుపుతో ఉన్న మా వదిన దయ్యం సినిమాకి వస్తానంది. "వద్దు బిడ్డా, లోపలి పసిది జడుసుకుంటది" అని అమ్మ అడ్డం పడింది. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటారా?

1965లో శోభన్‌బాబు 'వీరాభిమన్యు'గా వచ్చాడు కదా! ఆ అభిమన్యుడు తల్లి కడుపులోనే పద్మవ్యూహం సంగతి విన్నాడంటారు. వ్యూహం మాటెలా ఉన్నా, ఆరో నెలకల్లా బిడ్డకు శబ్దాలు వినిపిస్తాయని డాక్టర్లే ఒప్పుకుంటున్నారు. అంతేకాదు, తల్లి దిగులు కూడా బిడ్డను చేరుతుందట... చెవి ద్వారా కాదు, రక్తం ద్వారా!

దిగులుపడితే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. మాయలో ఉండే ఒక ఎంజైము, హాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడిలా నిలబడి, దాన్ని చాలావరకు ఆపేస్తుంది. కానీ నెలల తరబడి అదే దిగులైతే ఆ కాపలా సడలవచ్చు. అప్పుడు ఎదుగుతున్న మెదడులో భయాన్ని, ఆందోళనని అదుపుచేసే భాగాల మీద ఆ ప్రభావం పడవచ్చు.

ఫిన్లాండులో హుట్టునెన్, నిస్కానెన్ అనే ఇద్దరు 1978లో ఒక పరిశోధన ప్రకటించారు. పుట్టిన ఏడాదిలోపు తండ్రి పోయిన పిల్లలకంటే, కడుపులో ఉండగానే తండ్రి పోయినవాళ్ళలో పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా ఎక్కువగా కనిపించింది.

అలాగని బెంబేలు పడకండి! ఇలాంటి తల్లుల పిల్లల్లో ఎక్కువమంది చక్కగానే పెరుగుతారు. పుట్టాక దొరికే ప్రేమ కూడా ఎంతో మేలు చేస్తుంది. పైగా ఇందులో తల్లి తప్పేమీ లేదు.

మరి దయ్యం సినిమా? ఆ భయం 'శుభం' కార్డుతోనే పోతుంది. ఇంట్లో అప్పులవాళ్ళ కేకలు, మొగుడి చేతి దెబ్బలు, "ఈసారైనా మగపిల్లాడేనా?" అని రోజూ అడిగే ప్రశ్న... వీటికే ఇంటర్వెల్ లేదు!

ఈ మాటే అమ్మతో అన్నాను. ఆ చివరి ప్రశ్న మా ఇంట్లో అడిగేది ఆమే మరి! అమ్మ కాసేపు మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం తనే లాడ్ బజార్ దాకా నడిచివెళ్ళి వదినకు ఆకుపచ్చ గాజులు తెచ్చింది. ఆ ప్రశ్న మళ్ళీ ఇంతవరకు వినపడలేదు.

చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ! మీ ఇంట్లో ఎవరైనా పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికో మరో చోటికో చెకప్‌కి వెళ్తుంటే, బీపీతోపాటు మనసులో దిగులు కూడా డాక్టరమ్మకు చెప్పమనండి. 2022లో మొదలైన టెలి మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

అన్నట్టు, వదిన సినిమా చూసింది. భయపడింది మాత్రం మా అన్నయ్య!