మయసభ ఇంటికొస్తోంది... గది సిద్ధం చేశారా?

"మార్కులు బాగా వస్తే కంప్యూటరు కొంటామని అబ్బాయికి మాటిచ్చాం. ఇప్పుడు వాడు మామూలుది కాదు, కళ్ళకు డబ్బా తగిలించుకుని ఆడే ఆటలకు పనికొచ్చేదే కావాలంటున్నాడు. చీటీ డబ్బు చేతికొచ్చింది గానీ ధైర్యం చాలడం లేదు. ఏం చెయ్యమంటారు అక్కయ్యా?" అని కోనసీమ నుంచి ఒక చెల్లాయి రాసింది. ఈ సందేహం ఇంకా చాలామందికి ఉండే ఉంటుంది. అందుకే ఈ వారం ఆ ముచ్చటే.

'మాయాబజార్' (1957) సినిమాలో శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచి అభిమన్యుణ్ణి చూడటం గుర్తుందిగా? ఆ పెట్టెనే కళ్ళకు కట్టుకున్నట్టు ఈ హెడ్‌సెట్. ఒక్కో కంటికి విడివిడిగా బొమ్మ చూపిస్తుంది. మనం తల తిప్పితే బొమ్మా తిరుగుతుంది. దాంతో నిజంగా అక్కడే ఉన్నామనిపిస్తుంది. దీన్నే వర్చువల్ రియాలిటీ అంటారు. పిల్లల భాషలో వీఆర్. ఓక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ అనేవి 2016లో బజారులోకి వచ్చాక ఇది ఇళ్ళల్లోకి అడుగుపెట్టింది.

మయసభలో దుర్యోధనుడు నేలను చూసి నీళ్ళనుకున్నాడు, నీళ్ళను చూసి నేలనుకుని పడ్డాడు. ఇక్కడా అంతే. ఆడేవాడికి గది కనపడదు. కాబట్టి గదిని చూసుకోవాల్సింది మనమే.

కొనేముందు

అసలు కంప్యూటరు అవసరమా అని ముందు అబ్బాయిని అడగండి. మెటా క్వెస్ట్ లాంటివి కంప్యూటరు లేకుండా కూడా ఆడతాయి. పెద్ద ఆటలు కావాలంటేనే కంప్యూటరు కావాలి. అప్పుడు డబ్బంతా గ్రాఫిక్స్ కార్డుకే పోతుంది. ర్యామ్ 16 జీబీకి తగ్గకూడదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరులో ఆగిపోయింది గనుక విండోస్ 11 ఉన్నదే తీసుకోండి.

చవగ్గా వస్తోందని పాత హెడ్‌సెట్ కొనేముందు దాని పేరు కనుక్కోండి. 'విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ' రకం అయితే వద్దు. 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఆ సదుపాయం తీసేశారు. ఎంత తక్కువకి కొన్నా అటక మీదికే.

కరెంటు సంగతి

మన పాత పెంకుటిళ్ళలో చాలావాటికి ఎర్తింగు సరిగ్గా ఉండదు. కంప్యూటరు డబ్బా మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందంటే వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మూడు పిన్నుల ప్లగ్గుకి ఎర్తు పిన్ను పనిచెయ్యకుండా రెండు పిన్నుల ముక్క తగిలించి పని కానివ్వకండి. ఇస్త్రీపెట్టె, మిక్సీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే దీన్నీ పెట్టొద్దు.

యూపీఎస్ మీద రాసిన అంకె చూసి మోసపోవద్దు. 600 వీఏ అంటే మామూలుగా మోసేది 360 వాట్లే. ఆట ఆడుతున్న కంప్యూటరు ఒక్కోసారి 400, 500 వాట్లు కూడా లాగుతుంది. అందుకని 1000 వీఏ లేదా ఆ పైనది చూడండి. అదీ కరెంటు పోతే పద్ధతిగా ఆపుకోవడానికే, ఆట కొనసాగించడానికి కాదు. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గు పీకెయ్యాలి, నెట్ పెట్టె ప్లగ్గుతో సహా.

బిల్లు లెక్క కూడా చూసుకోండి. 500 వాట్ల చొప్పున రోజూ రెండు గంటలంటే రోజుకి ఒక యూనిట్. నెలకి 30 యూనిట్లు. స్లాబు మారే అంచున ఉన్న ఇల్లయితే ఆ తేడా తెలుస్తుంది.

ఎక్కడ పెట్టాలి?

రోహిణి కార్తెలో రాజమండ్రి ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఈ కంప్యూటరు తనూ వేడి కక్కుతుంది. తలుపులున్న బీరువాలో ఇరికించొద్దు. గోడకి జానెడు దూరంలో ఉంచండి. నర్సాపురం లేసు గుడ్డ కప్పితే అందంగానే ఉంటుంది, కానీ ఆపేసి చల్లారాకే. నేల మీద పెడితే దుమ్ము, చీమలు. లంకల్లో వాళ్ళకి వరద భయం కూడానూ. పోపు పొగ, సాంబ్రాణి పొగ తగిలే చోటూ వద్దు.

ఆడేందుకు రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఖాళీ స్థలం కనీసం ఉండాలి. టీపాయి, బల్ల కోడు, చంటిపిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం సీలింగ్ ఫ్యాను. పొడుగాటి కుర్రాడు ఆటలో చెయ్యి పైకి విసిరితే రెక్క తగులుతుంది. కప్పు ఎత్తు తక్కువైతే ఆ ఫ్యాను ఆపి టేబుల్ ఫ్యాను దూరంగా పెట్టండి.

కళ్ళు, కడుపు

కళ్ళు కదులుతున్నామంటాయి, లోపలి చెవి కదలడం లేదంటుంది. ఆ తగువుతోనే ఘాట్ రోడ్డు బస్సులోలాగా కడుపులో తిప్పుతుంది. మొదటి వారం పది నిమిషాలు చాలు. వికారం అనిపిస్తే "అలవాటవుతుందిలే" అని బలవంతం చెయ్యొద్దు. అలవాటయ్యాకా ప్రతి అరగంటకీ పదిహేను నిమిషాల విరామం ఉండాలి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే డాక్టరుని అడగనిదే ముట్టనివ్వద్దు. మెటా కంపెనీ పదేళ్ళు నిండని పిల్లలకి వద్దంటోంది. సోనీ పన్నెండు అంటోంది. ఇంట్లో చిన్నవాడు ఎంత మారాం చేసినా సరే, ఈ లెక్క దాటకండి.

శుభ్రం

లోపలి అద్దాల మీద ఎండ పడకూడదు. భూతద్దంతో కాగితం కాల్చినట్టు లోపలి తెర కాలిపోతుంది. కిటికీ పక్కన, వరండాలో వదిలెయ్యొద్దు. అద్దాల్ని కళ్ళజోడు తుడిచే పొడి మెత్తటి గుడ్డతోనే తుడవండి. నీళ్ళు, స్పిరిటు వద్దు. వానాకాలంలో పెట్టెలో రెండు సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. కొత్త హ్యాండ్‌బ్యాగుల్లో వచ్చేవే. తలకి నూనె, మొహానికి పసుపు ఉంటే ఆ స్పాంజి పీల్చేస్తుంది. కడుక్కునే సిలికాన్ తొడుగు ఒకటి కొనిపెట్టుకోండి.

మొహానికి అన్నానని ఆశ్చర్యపోకండి. మీరూ పెట్టుకుని చూడాలనే అంటున్నాను. అబ్బాయి ఏం చూస్తున్నాడో తెలియాలంటే అదొక్కటే దారి. ఖాతా మీ పేరున తెరవండి, రహస్య అంకె మీ దగ్గరే ఉంచుకోండి. కాళ్ళనొప్పులతో గడప దాటలేని అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి హిమాలయాలు చూపించండి. అప్పుడు ఆ డబ్బా వాడొక్కడిదీ కాదు, ఇంటిల్లిపాదిదీ అవుతుంది.

వచ్చే వారం ఆవకాయ జాడీల జాగ్రత్తలు. అంతవరకు సెలవు.