ఆచార్యయు, ఆచార్యానియు

అమరము వల్లెవేసిన సోదరీమణులకు జ్ఞాపకముండును: తానే శాస్త్రమును బోధించు స్త్రీ ఆచార్య, ఆచార్యుని భార్య ఆచార్యాని. చిన్న ప్రత్యయమొక్కటి చేరినంతనే ఎంత దూరము కలిగెనో చూడుడు! బడిపంతులుగారి యిల్లాలమగుటచే మేము రెండవ తెగలో చేరితిమి. అందుకు మాకు విచారము లేదు. అయితే మొదటి మాటను అమరసింహుడు ఊరక చేర్చియుండడు గదా. అట్టి స్త్రీలు కొందరైన నుండబట్టియే ఆ మాట పుట్టియుండును.

నేడు మన విశ్వవిద్యాలయములలో ఆ మాటకు తగినవారు వేలకొలది కలరు. వారక్కడ నేమి చేయుదురని యడిగినచో, "పాఠములు చెప్పుదురు" అని మనలో పలువురు బదులు చెప్పుదురు. అది సగము పని. యాస్కుడు నిరుక్తములో ఆచార్యశబ్దమునకు వ్యుత్పత్తులు చెప్పుచు, ఆచారమును గ్రహింపజేయువాడని యొకటియు, అర్థములను ప్రోవుచేయువాడని యొకటియు చెప్పినాడు. ఆ ప్రోవుచేయుటయే మిగిలిన సగము. దానినే నేడు పరిశోధన యనుచున్నారు.

ఉద్యోగపు మెట్లు మనకు వినికిడివే. పూర్వము లెక్చరరు, రీడరు, ప్రొఫెసరు అనెడివారు. ఇప్పుడు మొదటి రెండు మెట్లకు అసిస్టెంటు ప్రొఫెసరు, అసోసియేటు ప్రొఫెసరు అని పేరులు మారినవి. సంబంధములు మాటాడునప్పుడు ఈ బిరుదులను, జీతమును అడుగుదురు గాని, "తాము దేనిని గూర్చి యాలోచించుచున్నారు?" అని యడిగినవారిని మేమింతవరకు చూడలేదు. ఆచార్యుల బ్రదుకంతయు ఆ ప్రశ్నలోనే యున్నది.

మా వీథిలోని యొక యిల్లాలు మొన్న మాయింటికి వచ్చి తన గోడు చెప్పుకొనినది. "వదినగారూ, అమ్మాయి ఎమ్మెస్సీ అయి నాలుగేళ్ళయింది. ఒక్క మొక్క వేరు పట్టుకుని కూర్చుంది. వేరులో ఏముందో తెలుసుకోడానికి ఇన్నేళ్ళా? పెళ్ళివారు చదువు మానిపించమంటున్నారు. మీ మాటంటే దానికి గురి. మీరొకసారి చెప్పండి" అని. అమ్మాయికి చెప్పుటకు మారుగా మేము తల్లికే యొక కథ చెప్పితిమి. ఆ కథనే యిచట వ్రాయుచున్నాము.

అసీమా ఛటర్జీ 1917లో కలకత్తాలో జన్మించెను. తండ్రి వైద్యుడు, మొక్కలయందు ప్రీతి గలవాడు. ఆ ప్రీతి కూతునకును అబ్బినది. 1938లో రసాయనశాస్త్రమున ఎం.ఎస్సి. ముగించి, 1940లో లేడీ బ్రేబోర్న్ కాలేజీలో రసాయనశాస్త్ర శాఖను నెలకొల్పి నడపెను. 1944లో కలకత్తా విశ్వవిద్యాలయము ఆమెకు డి.ఎస్సి. పట్టమిచ్చెను. భారతీయ విశ్వవిద్యాలయమునుండి ఆ పట్టమందిన మొదటి స్త్రీ ఆమెయే. మరుసటి యేడు వివాహము. 1947లో పసికూతును, ఆ బిడ్డను చూచుటకొక దాదిని వెంటబెట్టుకొని అమెరికాకు వెడలెను. అక్కడ రెండు విద్యాస్థానములలోను, పిదప జ్యూరిచ్‌లో నోబెలు బహుమానమందిన పాల్ కారర్ నొద్దను పనిచేసి 1950లో తిరిగి వచ్చెను. 1954లో కలకత్తా విశ్వవిద్యాలయమున రీడరు. 1962లో ఖైరా ప్రొఫెసరు. ఆ పీఠమున ఇరువదియేండ్లు ఉండెను.

ఇవి మెట్లు మాత్రమే. ఈ మెట్లన్నిటిమీదను ఆమె మోసికొనిపోయిన ప్రశ్న యొక్కటియే: మన మొక్కలలో మందై పనిచేయునది యేది?

ఆకును కాచి కషాయము తీయుట మనకు తెలిసిన విద్యయే. కాని కషాయములో నూరు పదార్థములు కలగలిసి యుండును. వానిలో రోగమును పోగొట్టునది యేది, ఊరక చేదు నిచ్చునది యేది, హాని చేయునది యేది? ఒక్కొక్కదానిని విడదీసి తెలిసికొనవలెను. కాగిన చారులో నుండి ఇంగువను మరల బయటికి తీయుమన్న నెట్లుండును? ఇంచుమించు అంత పని. బస్తాలకొలది ఎండు వేళ్ళకు చిటికెడు పొడి దొరకును. దొరకిన పిమ్మట దానిలోని పరమాణువులు దేనిప్రక్క నేది, ఏ వైపునకు తిరిగి అమరియున్నవో తేల్చవలెను. సర్పగంధలోని సార్పజీన్ అను పదార్థమునకు ఆ యమరికను ఆమె తేల్చెను. ఆ దినములలో మంచి పరికరములు లేవు. పరీక్షకై పదార్థములను విదేశములకు పంపవలసి వచ్చెడిది. ద్రావకములు కొనుటకు డబ్బు చాలెడిది కాదు. నాలుగేండ్లు చాలవా యని యడిగిన తల్లికి ఇక్కడనే సగము సమాధానము దొరకినది.

ఆమె చేపట్టిన మొక్కల పేరులు విన్నచో సోదరీమణులు తమ పెరటిలోనికే వచ్చినట్లు తలంతురు. మలేరియాకై ఆమె పరిశోధించినవి సప్తపర్ణి, కిరాతతిక్తము, కటుకరోహిణి, గచ్చకాయ. గచ్చకాయలతో ఆడుకొనని ఆడుపిల్ల మన తరములో నున్నదా? మూర్ఛరోగమునకు ఆయుష్-56 అను మందు ఆమె కృషివలన వచ్చినది. దానిలోనిది నీటిపట్టున మొలచు నాలుగాకుల చిన్న మొక్క. వంగదేశపు స్త్రీలు దానిని సుషుని యని కూర వండుకొందురు. నిద్రపట్టించునని వారి నమ్మకము. మన వైద్యగ్రంథములలోని సునిషణ్ణకము అదియే. దానికి జటామాంసి తోడు.

బిళ్ళగన్నేరు జాతి మొక్కలలోని ఆల్కలాయిడులపైనను ఆమె చిరకాలము పనిచేసెను. ఈ బిళ్ళగన్నేరు కథ కొంత చెప్పవలెను. జమైకాలో దాని యాకుల కషాయము మధుమేహమునకు త్రాగుదురని విని, కెనడాలోని యొక విశ్వవిద్యాలయమున నోబుల్, బీర్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలకిచ్చి చూచిరి. చక్కెర తగ్గలేదు, తెల్లకణములు మాత్రము పడిపోయినవి. మరియొకరైన నిరాశతో పారవేసెడివారేమో. వారు కారణము వెదకిరి. 1958లో విన్‌బ్లాస్టిన్ బయటపడెను. నేడది కొన్ని క్యాన్సరులకు మందు. వెదకినది చక్కెరకు, దొరకినది క్యాన్సరుకు! "దీనివలన నేమి లాభము?" అని మొదటి యేటనే లెక్క యడిగియున్నచో ఆ మందు లేదు. (తెల్లకణములనే తగ్గించునట్టి ఆకును చక్కెరకు మంచిదని పరగడుపున నమలుచున్న సోదరీమణులు, దయచేసి ఈ వాక్యమును రెండుమారులు చదువవలెను.)

ఆమె బ్రదుకు పూలబాట గాదు. 1967లో తండ్రియు భర్తయు కొలదినెలల యెడముతో గతించిరి, తానును జబ్బుపడెను. కోలుకొని మరల ప్రయోగశాలకే వెడలెను. 1961లోనే భట్నాగరు బహుమానమందిన మొదటి స్త్రీ; 1975లో భారత సైన్సు కాంగ్రెసు అధ్యక్షపీఠమెక్కిన మొదటి స్త్రీశాస్త్రజ్ఞురాలు. 2006లో స్వర్గస్థురాలయ్యెను. నాడు దాదిచేతిలో ఓడయాత్ర చేసిన ఆ కూతురును తరువాత రసాయనశాస్త్రాచార్య యయ్యెను.

ఇదంతయు సైన్సు చదివినవారికే గాని మనకేలయని కొంద రనవచ్చును. ఉస్మానియాలో తెలుగు ఆచార్యగా నుండి, తరువాత తెలుగు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షురాలైన నాయని కృష్ణకుమారిగారు తమ పరిశోధనకు దేనిని తీసికొనిరి? జానపద గేయగాథలను. తిరుగలి త్రిప్పుచు, దంపుచు మన అమ్మమ్మలు పాడుకొన్న కథలే. అవి పాడినవారికి అందులో పరిశోధింపదగిన దున్నదని తోచియుండదు. గచ్చకాయయు అంతే. ఇంటిలో నున్నదానిని ప్రశ్నగా మార్చగలుగుట యొక శక్తి. అది మన ఆడుపిల్లలకు వచ్చినప్పుడు, వచ్చినదని గుర్తుపట్టుట మనకును రావలెను.

మా కథ ముగిసిన పిదప ఆ తల్లి కొంతసేపు మాటాడలేదు. పట్టములను గూర్చి గాని బహుమానములను గూర్చి గాని యడుగలేదు. "ఆవిడ బిడ్డనెత్తుకుని అమెరికా వెళ్తానంటే మొగుడేమన్నాడు వదినగారూ?" అనినది. మేలైన ప్రశ్న! వరదానంద ఛటర్జీగారు తామును రసాయనశాస్త్రాచార్యులే. భార్య చదువునకు అడ్డుపడక అండయైనవారు. ఆ మాటయే చెప్పి, మీరును ఈ ప్రశ్నను పెండ్లివారి నడుగరాదా యంటిమి. "అడగటానికి నాకు నోరు రాదు" అనినది ఆ యిల్లాలు. అమ్మాయి మాత్రము తానే యడిగెదనన్నదట. వేరును గూర్చిన వ్రాతపని ముగియుటకు ఇంకను ఎనిమిదినెలలు పట్టునట. పెండ్లివారు వచ్చు ఆదివారము వచ్చెదరు.