మాత్ర మానొద్దు, కిడ్నీ పరీక్ష అడుగుదాం



సంక్రాంతి సెలవుల తర్వాత హాస్టల్‌కి వచ్చి మేం నలుగురం మాట్లాడుకుంటే, మూడు ఊళ్ల నుంచి ఒకే మాట వచ్చింది. "ఆ లివర్ మాత్ర కిడ్నీలు తినేస్తాదంట, మానేశాం." ఆ మాత్ర టెనోఫోవిర్. హెపటైటిస్ బి ముదిరినవాళ్లకి రోజుకొకటి ఇచ్చే 300 మిల్లీగ్రాముల బిళ్ల. ఈ మాటలో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజమే మనోళ్ల ప్రాణం మీదికి తెచ్చేలా ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాం.

మాట ఎక్కడ పుట్టిందో మాకు తెలుసు. మాలో ఒకరి చిన్నాన్న దగ్గర. హెర్నియా ఆపరేషన్‌కి ముందు రక్తం చూస్తే హెపటైటిస్ బి బయటపడింది. రెండేళ్లు ఒక్కరోజు మానకుండా మాత్ర వేసుకున్నాడు. ఆ రెండేళ్లలో మాత్రల డబ్బా ఇచ్చారు గానీ ఒక్కసారి కూడా క్రియాటినిన్ చూడలేదు, మూత్రం చూడలేదు. తర్వాత నడుం, తుంటి, పాదాలు నొప్పులు. పోడు పని చేసేవాడికి నొప్పులు కొత్తా అనుకుని సంతలో సూది వేయించుకున్నాడు. తగ్గకపోతే మళ్లీ సూది. డైక్లోఫెనాక్. మెట్టు ఎక్కలేని స్థితిలో విశాఖ తీసుకెళ్తే డాక్టరు మొదట అడిగింది, "ఈయనకి షుగరుందా?" అని. లేదు. రక్తంలో చక్కెర మామూలుగానే ఉంది. మూత్రంలో మాత్రం పోతోంది.

అప్పుడు అర్థమైంది మాకు. కిడ్నీ వడగట్టిన నీళ్లలోంచి ఒంటికి కావాల్సిన చక్కెర, ఫాస్ఫేటు తిరిగి లోపలికి లాక్కునే సన్నటి గొట్టాలుంటాయి. టెనోఫోవిర్ బయటికి పోయేది కూడా ఆ దారినే. కొందరిలో అది అక్కడే పేరుకుని ఆ గొట్టాల్ని పాడు చేస్తుంది. ఫాస్ఫేటు కారిపోతే ఎముకలు మెత్తబడి నొప్పులు వస్తాయి. నొప్పికని వేసుకున్న డైక్లోఫెనాక్ కిడ్నీని ఇంకా దెబ్బ తీస్తుంది. చిన్నాన్న తన నొప్పికి మందనుకుని వేయించుకున్నదే నొప్పిని పెంచింది. ఆ సూది వేసినాయన కూడా ఏం మాత్రలు వాడుతున్నావని అడగలేదు.

ఎక్కువమందికి ఇలా ఏమీ కాదు. వయసు మళ్లినవాళ్లు, షుగరు, బీపీ, ముందే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బక్కపలచని ఒళ్లు ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. చివరిది చదివి మన ఊళ్లు గుర్తు చేసుకోండి. కండ తక్కువున్న మనిషికి క్రియాటినిన్ అంకె కూడా తక్కువగానే వస్తుంది, కిడ్నీ దెబ్బతింటున్నా రిపోర్టు బాగానే కనిపిస్తుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లలోనూ అంతే, పైగా ఆ జబ్బే కిడ్నీని తింటుంది. అందుకే వయసు, బరువు కలిపి లెక్క కట్టాలి, మూత్రంలో ప్రోటీన్, చక్కెర చూడాలి.

మనవాళ్ల భయాన్ని మేం ఎగతాళి చేయట్లేదు. ఉద్దానం పేరు వినని ఇల్లు ఉత్తరాంధ్రలో లేదు, ఎ.కొండూరు తండాల కథ కూడా తెలుసు. కిడ్నీ అనగానే గుండె జారుతుంది. కానీ మాత్ర ఉన్నట్టుండి ఆపేస్తే అణిగి ఉన్న వైరస్ ఒక్కసారి లేస్తుంది, లివర్ ఫెయిలై మనిషే పోవచ్చు. కిడ్నీకి ఇబ్బందైతే మాత్ర మార్చే దారి ఉంది. ఎంటెకావిర్ ఉంది, టెనోఫోవిర్‌లోనే కిడ్నీ మీద భారం తక్కువుండే 25 మిల్లీగ్రాముల రకం, టాఫ్ అంటారు, అదీ ఉంది. చిన్నాన్నకి మార్చింది అదే. ఏది ఎవరికన్నది డాక్టరు చెప్పాలి, మనం కాదు, సంతలో సూది వేసేవాళ్లు అసలే కాదు.

మరి పరీక్ష ఎందుకు జరగట్లేదు? 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో పరీక్షలు, మందులు ఉచితం. కాగితం మీద. మాత్రకి ఒక రోజు, రక్తానికి ఇంకో రోజు, రిపోర్టుకి మూడో రోజు రమ్మంటే కొండ దిగి జీపు ఎక్కేవాడికి మూడు రోజుల కూలి పోయినట్టే. అప్పుడు మాత్ర ఒక్కటే తెచ్చుకుంటాడు. తప్పు అతనిదని మేం ఒప్పుకోం. మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి చూడాలి. మాత్ర ఇచ్చే రోజే, ఇచ్చే చోటే రక్తం, మూత్రం తీసుకోవాలి. ఊరికొచ్చే 104 బండిలో తీసుకున్నా చాలు.

ఇదే అర్జీగా రాసి ఐటీడీఏ గ్రీవెన్స్ రోజున ఇస్తాం. మీ ఊళ్లో ఎంతమంది ఈ మాత్ర వాడుతున్నారో, ఎంతమందికి పరీక్ష జరిగిందో అంకెలు మాత్రం పంపండి. పేర్లు పంపొద్దు. కలిసి తింటే ఈ జబ్బు అంటదని తెలిసినా ఇంకా వేరే కంచం పెట్టే ఇళ్లు ఉన్నాయి.

చిన్నాన్న ఇప్పుడు కర్ర లేకుండా సంతకి నడుస్తున్నాడు. మా ఊళ్లో మాత్ర మానేసిన ముగ్గురిలో ఇద్దరు డాక్టరుకి చూపించుకుని మళ్లీ మొదలుపెట్టారు. మూడో ఆయన ఇంకా మా మాట వినట్లేదు. ఈ ఆదివారం చిన్నాన్ననే వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్తున్నాం.