మా అవ్వ సంగతి ఎందుకు దాచిపెట్టినం?

ఎండాకాలం పోచంపాడ్ డ్యాంల నీళ్లు గుంజుకున్నప్పుడు మునిగిపోయిన ఊళ్ల మొండిగోడలు, గుళ్ల శిఖరాలు బయటపడతయి. పట్నం నుంచి ఫోటోలు తీసేటోళ్లు వస్తరు. ఈసారి నేను, మా అక్క కూడా పోయినం. మా పాత వాడ ఎక్కడుండెనో నాకు గుర్తు దొరకలే. అక్క బురదల నిలబడి, "అవ్వ ఇక్కడికే ఉరికొస్తుండె తమ్మీ, యాదికున్నదా?" అన్నది. యాది లేదన్న. అక్క నా మొకం దిక్కు చూసి, "గొళ్లెం పెట్టింది నువ్వే గదరా" అన్నది.

నలభై ఏండ్ల సంది నేను అందరికీ ఒకటే మాట చెప్పుకుంట వచ్చిన: మా అవ్వ నా చిన్నప్పుడే జొరం వచ్చి సచ్చిపోయింది. పెండ్లాంకు అదే చెప్పిన, పిల్లలకు అదే చెప్పిన, సంఘంల అదే చెప్పిన. అది అబద్ధం. ఈ పత్రికల ఇరవై ఏండ్ల సంది దొరల గురించి, పోలీసుల గురించి రాసిన గని ఇది రాయలే. ఇప్పుడు రాస్తున్న.

ఈ డ్యాంకు 1963ల నెహ్రూ పునాదిరాయి వేసిండు. నీళ్లు పారినయి, కాల్వ కింది పొలాలు పండినయి, కాదనను. అయితే 1894 నాటి భూసేకరణ చట్టం పట్టాదారును గుర్తుపట్టింది గని, పట్టాదారు పొలంల జీతం చేసినోన్ని గుర్తుపట్టలే. భూమి లేని కూలోళ్లు సుత నష్టపోయినోళ్లే అని చట్టంల రాసుకోవడానికి 2013 దాక పట్టింది. మా ఇంటికి దక్కింది గుడిసె పైసలు, అంతే. కొత్త వాడకు వచ్చినంక చెల్లె పుట్టి నెల తిరగకముందే సచ్చిపోయింది. దాని తర్వాత అవ్వకు నిద్ర బందైంది. అర్ధరాత్రి లేచి నీళ్ల దిక్కు నడిచేది. "ఇల్లు అక్కడున్నది, పొయ్యి మీద గటక పెట్టొచ్చిన, అడుగంటుతది" అనేది. ఎవరో మాట్లాడుతున్నట్టు చెవి పెట్టి వినేది, జవాబు చెప్పేది.

బాపు మొదాల బతిమాలిండు, తర్వాత కొట్టిండు. మంత్రాలోడు వచ్చి వాతలు పెట్టి, కోడిని తీసుకపోయిండు. దొర ఇంట్ల కొట్టం ఊడ్చే పనికి ఇగ రావొద్దన్నరు. బాణామతి చేసిండ్రని పుకారు లేచింది. మా వాడలనే దిక్కులేని ఒక ఒంటరి ఆడమనిషి మీద అనుమానం పెట్టుకొని పదిమంది ఆమె గుడిసె ముందటికి పోయిండ్రు. మంత్రం పలకరాకుండ పండ్లు ఊడగొడతమన్నరు. ఆ రోజుల్ల మెదక్, నిజామాబాద్ ఊళ్లల్ల ఆ పని జరుగుతనే ఉండె. పెద్దమనిషి ఒకాయన అడ్డం పడ్డడు గావట్టి ఆమె బతికింది. ఒక ఆడదాని జబ్బుకు మందు ఇప్పించక, ఇంకో ఆడదాన్ని చంపటానికి తయారైన వాడ మాది. దీంట్ల దొర చెయ్యి లేదు. మనమే.

బాపు పనికి పోయేటప్పుడు, "బయట గొళ్లెం పెట్టు" అని అక్కకు చెప్పేటోడు. అక్క బీడీలు చుట్టుకుంట కూసునేది. ఎన్ని దెబ్బలు తిన్నా చేయనన్నది. నేను పెట్టిన. తొమ్మిదేండ్ల పోరన్ని. లోపల నుంచి అవ్వ నా పేరు పెట్టి పిలిచేది. నేను వినబడనట్టు బడికి ఉరికేటోన్ని. బడిల "పిచ్చిదాని కొడుకు" అనేటోళ్లు. ఆ మాట అన్నది పై కులపోళ్ల పిల్లలే కాదు, మన పిల్లలు కూడా.

1983ల నిజామాబాద్ల హాస్టల్ల చేరిన. తల్లి పేరు రాయమంటే, లేదు, సచ్చిపోయిందన్న. తెల్లారి ఒకనాడు అవ్వ వచ్చి గేటు కాడ నిలబడ్డది. ఆర్మూర్ దాక నడిచి, అక్కడ ఎవరో బస్సు ఎక్కించిండ్రట. కొంగుల రెండు జొన్నరొట్టెలు. కాళ్లు పగిలి నెత్తురు కారుతున్నయి. వార్డెన్ సారు "ఎవర్రా ఆమె?" అంటే, "మా వాడ ఆమె సార్" అన్న. అవ్వ ఏమీ అనలే. రొట్టెలు అరుగు మీద పెట్టి పోయింది. 1986ల సచ్చిపోయింది. జొరంతోని కాదు. తిండి లేక, ఆ గొళ్లెం పెట్టిన ఇంట్లనే.

అన్నలారా, అక్కలారా, ఇదంతా నా ఏడుపు వినమని రాస్తలేను. మన ఉద్యమంల తల్లి గురించి మస్తు పాటలున్నయి. కూలి చేసి చదివిచ్చిన తల్లి, దొరకు ఎదురుతిరిగిన తల్లి. మంచిదే. మరి మంచం మీదికెళ్లి లేవని తల్లి, గోడతోని మాట్లాడే తల్లి, పిల్లల్ని గుర్తుపట్టని తల్లి ఏ పాటల ఉన్నది? నేను చదివిన దళిత ఆత్మకథల్ల ఆకలి ఉన్నది, అవమానం ఉన్నది, దెబ్బలున్నయి. ఈ సంగతి చాన తక్కువ. ఎందుకంటే మనల్ని బుద్ధిలేనోళ్లని ఊరు ఎట్లాగూ తిడుతున్నది, మళ్లీ మనమే ఎందుకు చేతికి కట్టె ఇయ్యాలె అని భయం. ఆ భయం నాకు తెలుసు. దొర భార్యకు అదే జబ్బు వస్తే నరాల బలహీనత అంటరు, రాత్రికి రాత్రి కారుల పట్నం తీసుకపోతరు. మనింట్లనైతే పిచ్చి, లేకుంటే బాణామతి. బోనాల నాడు శివసత్తి ఊగితే పసుపు నీళ్లతో కాళ్లు కడుగుతరు, తెల్లారి ఆమెనే పక్కన కూసోనియ్యరు.

చుండూరు ఊచకోత 1991 ఆగస్టు 6న జరిగింది. సరిగ్గ పదేండ్లకు, 2001 ఆగస్టు 6న, తమిళనాడు ఏర్వాడిల పాక అంటుకుంటే గొలుసులతో కట్టేసిన మనోరోగులు ఉరకలేక కాలిపోయిండ్రు, మొత్తం 28 మంది. మొదటి తారీఖును ఏటా యాది చేసుకుంటం. రెండోదాని మీద మన మీటింగుల్ల ఒక్క మాట నేను వినలే. నేనూ మాట్లాడలే.

కల్లు సంగతి కూడా చెప్పాలె, మన జిల్లాల అది లేకుండ ఈ మాట పూర్తిగాదు. బోధన్ దిక్కు ఒక కార్యకర్త ఉన్నడు, చెరుకు కొట్టేటోని కొడుకు. పొద్దుగూకితే వాళ్ల నాయిన గజగజ వణికేటోడట, పాములు కనబడుతున్నయని మూలకు దాసుకునేటోడట. దయ్యం పట్టిందనుకొని పిల్లలు బయట పండుకునేటోళ్లు. 2015 సెప్టెంబరుల సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు, ఒక్కసారే కల్లు బందై నిజామాబాద్, మహబూబ్‌నగర్ దవాఖానాలు ఫిట్స్ వచ్చినోళ్లతోని, పిచ్చిపిచ్చిగ మాట్లాడేటోళ్లతోని నిండిపోయినయి. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రాజోలం అసొంటివి కలిపిన కల్లు అది. అప్పుడు గని మావోనికి తెల్వలేదు, దయ్యం ఏ సీసాల ఉండెనో. ఇంట్ల తాగేటోన్ని మంచానికి కట్టేసి మాన్పిస్తమని ఎవరూ చెయ్యకుండ్రి, ఫిట్స్ వచ్చి పానం పోతది. డాక్టరు చేతుల మీదుగ మెల్లమెల్లగ తగ్గించాలె. అదే ఏడు డిసెంబరుల బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూడ మూతపడ్డది. జీతం పోయిన ఇండ్లల్ల ఏం జరిగిందో ఆ పిల్లలు పెద్దయినంక చెప్తరు, మనం వింటమంటే.

కులమే ఈ జబ్బు తెచ్చిందని అంటే చప్పట్లు పడతయి. నేను అట్ల అనలేను. ఈ జబ్బు దొరలకూ వస్తది. కులం చేసిందేమంటే, మా అవ్వకూ మందుకూ నడుమ గోడ కట్టింది. చెవిల గొంతులు వినబడే జబ్బుకు క్లోర్‌ప్రోమజిన్ అనే మందు 1952ల వచ్చింది. అవ్వ రోగం బయటపడేనాటికి ముప్పయి ఏండ్ల పాత మందు. ఎర్రగడ్డ దవాఖానా కూడ ఉండె. మాకది దవాఖానా పేరని తెల్వదు, తిట్టు అనుకున్నం.

ఇంకో భయం. నాకూ వస్తదేమో, నా బిడ్డకు వస్తదేమోనని ఎన్ని రాత్రులు లెక్కపెట్టుకున్ననో. స్కిజోఫ్రెనియా ఉన్న తల్లికో తండ్రికో పుట్టిన పదిమందిల దాదాపు తొమ్మిదిమందికి అది రాదని డాక్టర్లు చెప్తున్నరు. ఈ ఒక్క మాట చిన్నప్పుడు ఎవరన్న చెప్పి ఉంటే బాగుండు. లగ్గం సంబంధాలు చెడతయని ఇప్పటికీ దాస్తున్నోళ్లకు ఇది చెప్పుండ్రి.

చట్టం సంగతి సంఘం కార్యకర్తలు నోటికి పట్టాలె. 2017 మానసిక ఆరోగ్య చట్టం 2018 మే నుంచి అమలుల ఉన్నది. మనోరోగిని గొలుసుతో కట్టెయ్యొద్దని దాంట్ల ఉన్నది. పేదోళ్లకు సర్కారు దవాఖానల వైద్యం ఉచితంగ దొరకాలె. ఇంట్ల కొడుతున్నరని, పట్టించుకుంటలేరని తెలిస్తే ఠాణా అధికారి మేజిస్ట్రేటుకు తెలపాలె. 2016 వికలాంగుల చట్టంల మానసిక రోగం కూడ లెక్కల ఉన్నది, వికలాంగుల సర్టిఫికెటుకు దరఖాస్తు పెట్టొచ్చు. కొట్లాడి తెచ్చుకున్న ఎట్రాసిటీ చట్టం ఎట్ల చదువుకున్నమో దీన్ని అట్ల చదువాలె. మండల దవాఖానల మందులు లేవంటే ధర్నా చేయుండ్రి, రోడ్డు కోసం చేస్తలేమా?

అక్కను నేను అడిగిన, నువ్వు ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదని. "నువ్వు మీటింగుల్ల మాట్లాడుతుంటే ముందల కూసున్న గదా, ఎప్పుడన్న అవ్వ పేరు తీస్తవేమోనని" అన్నది.

మొన్న మా వాడ సంఘం గోడ మీద 14416 అని పెద్దగ రాయించిన. ఫోన్ చేస్తే తెలుగుల మాట్లాడతరు, పైసలు లేవు. పెయింటు ఆరకముందే పన్నెండేండ్ల పిల్ల ఒకతి వచ్చి, "పెద్దనాయినా, ఇది మా అవ్వకు పనికొస్తదా?" అని మెల్లగ అడిగింది. వాళ్లింటి తలుపుకు బయట గొళ్లెం ఉన్నది. నేను రోజూ ఆ తొవ్వల్నే పోతున్న. సోమవారం ఆ తల్లిని తీసుకొని నేను, అక్క దవాఖానకు పోతున్నం.