ఒకే ఇంట్లో సీసానికి రెండు హద్దులా?



పోయిన నెల మీటింగు అయ్యాక స్పిన్నింగులో పనిచేసే ఒక చెల్లెమ్మ రెండు కాగితాలు పట్టుకుని మన చందాపుర ఆఫీసుకు వచ్చింది. ఆమె భర్త పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే షెడ్డులో పని చేస్తాడు. ఒకటి అతని రక్తపరీక్ష కాగితం, రెండోది మూడేళ్ళ కొడుకుది. తండ్రికి 38, బిడ్డకు 8. బిడ్డ కాగితంలో అంకె పక్కనే 'నార్మల్: 10 లోపు' అని అచ్చయి ఉంది. షెడ్డు యజమాని తండ్రితో, "హద్దు లోపలే ఉంది, పనికి రా" అన్నాడట. "అంతా బాగున్నట్టేనా అన్నా?" అని ఆ చెల్లెమ్మ అడిగింది.

నేను డాక్టరును కాను. పదో తరగతి చదివి మిల్లులో చేరినవాణ్ణి. అయినా ఈ హద్దులు ఎక్కడినుంచి వచ్చాయో చదివి తెలుసుకున్నాను.

ఆ అంకె 100 మిల్లీలీటర్ల రక్తంలో ఎన్ని మైక్రోగ్రాముల సీసం ఉందో చెబుతుంది. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. అమెరికాలో 1960లలో పిల్లలకు 60 దాకా పరవాలేదనుకున్నారు. 1975లో దాన్ని 30 చేశారు. 1985లో 25, 1991లో 10, 2012లో 5, 2021లో 3.5కు దించారు. ఇన్నేళ్ళలో సీసం మారలేదు, పిల్లల ఒళ్ళూ మారలేదు. తెలివి మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1975కు ముందు 35 ఉన్న బిడ్డ తల్లికి కూడా 'హద్దు లోపలే' అనే చెప్పి పంపించారు. సీసానికి క్షేమమైన మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు చెబుతోంది. అది పిల్లల మెదడును దెబ్బతీస్తుంది.

కనుక ఆ చెల్లెమ్మకు నేను చెప్పిన జవాబు: బాగాలేదమ్మా. నీ బిడ్డ కాగితం మీద అచ్చయింది 1991 నాటి హద్దు.

ఇక తండ్రి సంగతి. అమెరికా 1978లో చేసిన నిబంధన ప్రకారం రక్తంలో 60కి చేరిన కార్మికుణ్ణి ఆ పని నుంచి తప్పించాలి, 40 లోపుకు దిగాక మళ్ళీ తీసుకోవచ్చు. కాలిఫోర్నియా రాష్ట్రం 2025లో ఆ 60ని 30 చేసింది. పనిచోట గాలిలో సీసానికి అమెరికా 1978లోనే ఘనపు మీటరుకు 0.05 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. మన ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేర్చిన షెడ్యూలు 0.15 పెట్టింది. అంటే మూడు రెట్లు! మన ఊపిరితిత్తులు ఏమన్నా ఇనుముతో చేశారా?

సీసానికి షెడ్డు గేటు అడ్డం కాదు. చొక్కా మీద, జుట్టులో, చెప్పుల కింద దుమ్మై ఇంటికి వస్తుంది. తల్లి ఆ బట్టలు ఉతుకుతుంది, బిడ్డ ఆ నేల మీద ఆడుకుని చేతులు నోట్లో పెట్టుకుంటాడు. పెద్దవాళ్ళకు రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలు చెడతాయి. సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి నిలిచి, గర్భం వచ్చినప్పుడు తల్లి రక్తంలోకి దిగి కడుపులోని బిడ్డను చేరుతుంది. అలాంటప్పుడు తండ్రికి ఒక హద్దు, బిడ్డకు ఒక హద్దు పెట్టి లాభమేమిటి?

హద్దు తగ్గిస్తే షెడ్లు మూతపడి పనులు పోతాయని మనవాళ్ళే కొందరు అంటున్నారు. ఆ భయం నాకు తెలుసు. కానీ అనుభవం చూడండి. 1999 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే సీసం విషం మీద అంతర్జాతీయ సదస్సు జరిగింది. జార్జ్ ఫౌండేషన్ వారు పరీక్షించిన నగరాల పిల్లల్లో సగానికి పైగా 10 దాటి ఉన్నారని అప్పుడు తేలింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. బండ్లు ఆగాయా? ఇంటి రంగుల్లో పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించి సీసం ఉండరాదన్న నియమం 2017 నవంబరు నుంచి అమలైంది. రంగుల వ్యాపారం ఆగిందా?

ఒక్క షరతు మాత్రం మరవరాదు. పని నుంచి తప్పించిన రోజులకు పూర్తి జీతం ఇవ్వాలి. జీతం పోతుందంటే కార్మికుడు రక్తపరీక్షకే రాడు, జబ్బు దాచుకుంటాడు. 1978 నాటి అమెరికా నిబంధనలోనే ఈ జీతం రక్షణ ఉంది.

2025 నవంబరు 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ వచ్చింది. అందులో 18వ సెక్షన్ ప్రకారం ప్రమాణాలు ప్రకటించే అధికారం కేంద్రానిది. అడగాల్సిన సమయం ఇదే. మన డిమాండ్లు ఇవి:

1. గాలిలో, రక్తంలో సీసం హద్దులను నేటి వైద్య జ్ఞానం ప్రకారం తగ్గించాలి.
2. సీసం పనివారికి యజమాని ఖర్చుతో రక్తపరీక్ష జరపాలి, ఆ కాగితం కార్మికుడి చేతికే ఇవ్వాలి.
3. పనిచోటనే స్నానం, బట్టలు మార్చుకోవడం, ఉతకడం ఏర్పాటు చేయాలి.
4. పని నుంచి తప్పించిన కాలానికి పూర్తి జీతం ఇవ్వాలి.

మన మిల్లుల్లో రంగుల విభాగాల సోదరులు కూడా పసుపు, నారింజ పొడుల సంచుల మీది చీటీ చూడండి. లెడ్ క్రోమేట్ అని ఉంటే వెంటనే యూనియన్‌కు చెప్పండి.

ఆ బిడ్డను ఈ వారం మళ్ళీ పరీక్షకు తీసుకెళ్తున్నాం. ఇద్దరు కమిటీ సభ్యులు వెంట వెళ్తారు. 'నార్మల్' అన్న మాట చూసి తిరిగి రాకండని వాళ్ళకు చెప్పాను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి, చందాపుర