గ్యాస్‌కు గ్రాముల లెక్క

ఎండలు ముదరగానే కారు ఏసీ షెడ్ల ముందు బండ్లు బారులు తీరతాయి. "గ్యాస్ అయిపోయినట్టుంది, కొట్టండి" అంటాం. పెట్రోలులా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదది. గొట్టాల లోపలే తిరుగుతూ ఉండాల్సిన గ్యాస్. ఏళ్లు గడిస్తే ఓ-రింగుల సందుల్లోంచి కాస్త పోవడం మామూలే గానీ, ఏటా నింపాల్సి వస్తోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

ఈ విషయంలో అమెరికాలోని కాలిఫోర్నియా చేసిన పని మనం చూడదగ్గది. అక్కడ ఎవరైనా విడిభాగాల దుకాణంలో కారు ఏసీలో వాడే ఆర్-134ఎ గ్యాస్ డబ్బా కొనుక్కుని తమ కారుకు తామే ఎక్కించుకోవచ్చు. మామూలు డబ్బాలో 12 ఔన్సులు, అంటే 340 గ్రాములు. ఈ గ్యాస్ కిలో గాల్లో కలిస్తే, వందేళ్ల లెక్కన, 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసేంత చేటు చేస్తుంది. ఒక్క డబ్బా వదిలేస్తే దాదాపు 200 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు. సగం వాడి మూలన పడేసిన డబ్బాల్లోంచి మిగతాది గాలి పాలయ్యేది. అందుకే 2010 నుంచి ఆ రాష్ట్రం షరతులు పెట్టింది. గొట్టం తీయగానే దానంతటదే మూసుకుపోయే వాల్వు డబ్బాకు ఉండాలి. కొనేటప్పుడు 10 డాలర్ల డిపాజిట్ కట్టాలి. వాడిన డబ్బా తెచ్చిస్తే ఆ డబ్బు వెనక్కి ఇస్తారు, అడుగున మిగిలిన గ్యాస్‌ను తీసి మళ్లీ వాడకానికి పంపుతారు. వాల్వు నిబంధన 2018 నుంచి దేశమంతటా వచ్చింది. అక్కడ డబ్బు తీసుకుని కారు ఏసీ బాగుచేసే మెకానిక్‌కు సర్టిఫికెట్ తప్పనిసరి. ఉన్న గ్యాస్‌ను కావాలని బయటికి వదలడాన్ని చట్టం ఒప్పుకోదు.

నాకు నచ్చింది ఆ డిపాజిట్. ఎవరికీ సుద్దులు చెప్పకుండానే ఖాళీ డబ్బాకు విలువ కట్టింది. డబ్బాతో సొంతంగా నింపుకునే అలవాటును మాత్రం మనం తెచ్చుకోవద్దు. దానితో వచ్చే చిన్న గేజ్‌ను నమ్ముకుంటే మోసపోతాం. ఇంజన్ ఆపి చల్లారాక, 25 డిగ్రీల దగ్గర ఆర్-134ఎ ఒత్తిడి సుమారు 82 పీఎస్ఐ, 35 డిగ్రీల దగ్గర 114. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకు 200 గ్రాములున్నా 400 గ్రాములున్నా ముల్లు అక్కడే నిలుస్తుంది. ఎంత వేడిగా ఉందో చెబుతుంది తప్ప ఎంత గ్యాస్ ఉందో చెప్పదు. అనుమానంతో ఇంకాస్త ఎక్కిస్తే చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌కు ముప్పు వస్తుంది. పొరపాటున డబ్బాను హై ప్రెషర్ వైపు తగిలిస్తే పేలిపోవచ్చు.

నమ్మాల్సింది కాటాను. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది సాధారణంగా బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. చిన్న కార్లకు చాలావరకు అర కిలో లోపే. ముందు పాత గ్యాస్‌ను మెషిన్‌తో సిలిండర్‌లోకి లాగి తూచాలి. ఎంత వచ్చిందో చూస్తే ఎంత కారిందో తెలిసిపోతుంది. లీకు పట్టుకుని సరిచేశాక కనీసం అరగంట వాక్యూమ్ పెట్టాలి. పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలిస్తేనే ముందుకు వెళ్లాలి. లోపల తేమ మిగిలితే గ్యాస్‌తో, ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తినేస్తుంది. ఆ తర్వాతే స్టిక్కర్ చెప్పినన్ని గ్రాములు తూచి ఎక్కించాలి. ఆర్-134ఎ ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కంట్లో చిమ్మితే చూపు పోవచ్చు, చేతి మీద పడితే చర్మం గడ్డకట్టుకుపోతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా గొట్టం విప్పనివ్వకండి.

మన షెడ్లలో చాలాచోట్ల వాల్వు పిన్ను నొక్కి ఉన్న గ్యాసంతా బయటికి వదిలేస్తారు. మెకానిక్‌ను తిట్టి లాభం లేదు. గ్యాస్‌ను లాగే మెషిన్ కొనడం చిన్న షెడ్డుకు భారం, లాగినదాన్ని కొనే నాథుడూ కనబడడు. కాలిఫోర్నియా పద్ధతి పనికొచ్చేది ఇక్కడే. సిలిండర్ అమ్మిన డీలరే తీసిన గ్యాస్‌ను కిలోకు ఇంత అని వెనక్కి కొంటే, నాలుగు షెడ్లు కలిసి ఒక మెషిన్ పెట్టుకోవడానికి దారి దొరుకుతుంది. మన దేశం 2021లో కిగాలీ సవరణ అనే అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించింది. దాని ప్రకారం ఈ జాతి గ్యాసుల వాడకాన్ని 2028లో కట్టడి చేసి, 2032 నుంచి తగ్గించుకుంటూ పోవాలి. అప్పటికి తీసి దాచిన గ్యాస్‌కు గిరాకీ పెరగక తప్పదు.

ప్రస్తుతం బిల్లు మీద "గ్యాస్ ఫిల్లింగ్" అని రాసి ఊరుకుంటున్నారు. ఎన్ని గ్రాములు తీశారు, లీకు ఎక్కడ దొరికింది, ఎన్ని గ్రాములు ఎక్కించారు అన్నవి కూడా రాయించుకోండి.